డోర్కస్ ముఖం మీద గులాబీ

లండన్‌లో బొమ్మలు చూసే అలవాటున్న వాళ్ళంతా డోర్కస్ టకెట్‌ని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. కాకపోతే మొత్తంగా చూసి ఉండరు. ట్రాయ్ నగరం తగలబడుతుంటే గోడకానుకుని ఏడుస్తున్న ఆడమనిషి వీపు డోర్కస్‌దే. పాముల బుట్టలోకి చెయ్యి పెట్టబోతున్న ఈజిప్టు రాణిగారి మణికట్టు డోర్కస్‌దే, ముఖం మాత్రం ఎవరో బ్యాంకరుగారి మేనకోడలిది. ఏథెన్స్ మెట్లు దిగుతున్న పూజారిణి మడమలు, బానిసల సంతలో తల వంచుకున్న పిల్ల మెడ, ఇలా చెప్పుకుంటూ పోతే పురాతన ప్రపంచంలో సగం ఒళ్ళు ఆమెదే. స్టూడియోల్లో ఆమెకు ‘వీపు టకెట్’ అని పేరు. ఆ పేరు పెట్టినవాడి నోట మన్ను పడ, అని మనసులో తిట్టుకునేది గానీ, పిలిస్తే పలికేది. పలక్కపోతే పని పోతుంది.

తండ్రి జాబెజ్ టకెట్ గుర్రపు బస్సు తోలి తోలి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. మే నెల మొదటి సోమవారం అకాడమీలో ఏటేటా జరిగే బొమ్మల ప్రదర్శనకు తలుపులు తీసేసరికి ఉతికిన కాలరు తగిలించుకుని, కూతుర్ని వెంటేసుకుని గుమ్మం దగ్గర ఉండేవాడు. కళ మీద ఆయనకు పెద్ద గౌరవం ఏమీ లేదు. రోమను రథాలకు గుర్రాల్ని తప్పుగా పూన్చారని ఏటా ఎవరో ఒకరితో తగువు పెట్టుకునేవాడు. ఆయన వచ్చేది కూతురి కోసం.

“చిల్లర చిల్లరగా చూస్తున్నానే నిన్ను,” అనేవాడు. “ఓ ఏడు మోచెయ్యి, ఓ ఏడు మడమ. మొత్తంగా చూసే రాత లేదా నాకు?”

“ఇంట్లో రోజూ చూస్తున్నావుగా నాన్నా.”

“ఇంట్లో చూసేదీ, అక్కడ బంగారు చట్రంలో చూసేదీ ఒకటేనా? నోరు మూసుకో.”

ఈ శీతాకాలం నుంచీ జాబెజ్ కళ్ళు మసకబారుతున్నాయి. మొన్నామధ్య టోపీలు తగిలించే కొయ్యకు చాలా మర్యాదగా గుడ్ మార్నింగ్ చెప్పాడు. ముక్కు ఆనించి చూస్తే ఇంకా కనబడుతోంది, కానీ ఈ వేసవి దాటాక అదీ ఉండదని కంటి ఆసుపత్రిలో డాక్టరు డోర్కస్‌ని పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట విన్న రోజు ఆమె ఇంటిదాకా ఏడుస్తూ నడిచి, వీధి మలుపులో ముఖం తుడుచుకుని, లోపలికెళ్ళి బంగాళాదుంపలు తరిగింది.

అందుకే సెప్టిమస్ పిల్‌బ్రోగారు కబురు పెట్టి, “ఈసారి నీ ముఖం కావాలి డోర్కస్,” అన్నప్పుడు ఆమె నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

“అదే! సరిగ్గా అదే!” అని పిల్‌బ్రోగారు గంతేశాడు. “విందు మధ్యలో చావొస్తోందని తెలిసిన ముఖం! లండన్‌లో ఎవర్ని చూసినా ఇప్పుడే మటన్ తిని లేచినట్టుంటారు. నువ్వొక్కదానివే సరిగ్గా ఆశ్చర్యపోయావు.”

పిల్‌బ్రోగారి ఇల్లు సెయింట్ జాన్స్ వుడ్‌లో ఉంది. బయట నుంచి చూస్తే మామూలు ఇటుకల కొంప, లోపలికెళితే రోము. పాలరాతి బల్లలూ, కంచు దీపాలూ, చిమ్మటలు సగం తినేసిన పులిచర్మం ఒకటీ, వాటన్నిటి మధ్య చలికి బుసకొట్టే బొగ్గుల పొయ్యి ఒకటీ. ఆయన అకాడమీలో సగం సభ్యుడు. పూర్తి సభ్యుడు కావాలన్నది ఆయన చిరకాల కోరిక. అందుకోసం ఈ ఏడు గోడంత బొమ్మ మొదలుపెట్టాడు. ఒక రోము చక్రవర్తి అతిథుల్ని విందుకు పిలిచి, వాళ్ళు తిని తాగి ఒళ్ళు తెలియకుండా పడి ఉండగా, నెత్తిమీద కట్టిన చాందినీ విప్పించి గులాబీలు కుమ్మరించి ఊపిరాడకుండా చంపుతుంటాడు. తాను మాత్రం పైన గద్దె మీద మోచేతి మీద వాలి, ద్రాక్షపళ్ళు నములుతూ చూస్తుంటాడు. మా లండన్ వాళ్ళకు ఇలాంటి పాపాలంటే మహా ఇష్టం. తాము చెయ్యరు. ఎవరో ఎప్పుడో చేశారంటే, అదీ పాలరాతి మీద చేశారంటే, పెళ్ళాం పిల్లల్ని వెంటేసుకుని మరీ వెళ్ళి చూసి, ఛీ ఛీ అనుకుంటూ ఇంకోసారి చూస్తారు.

ఆ పాపం చెయ్యడానికి దొరికిన చక్రవర్తి ఓబడయా గెడ్జ్. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు ప్రార్థనా మందిరంలో భజన నడిపిస్తాడు. మందు ముట్టనని ఒట్టు పెట్టుకున్నవాళ్ళు గుచ్చుకునే నీలం రిబ్బను ఆయన కోటు మీద ఎప్పుడూ ఉండేది. కోటు విప్పి టోగా అనే రోమను దుప్పటి కట్టుకోమంటే, రిబ్బను తీసి టోగాకు గుచ్చుకున్నాడు.

“మిస్టర్ గెడ్జ్, అది తీసెయ్యండి. మీరు రోములోకల్లా పెద్ద తాగుబోతు,” అని పిల్‌బ్రోగారు బతిమాలాడు.

“తాగుబోతునే అనుకోండి. కానీ గిన్నెలో ఏముందో ముందు చెప్పండి.”

“చల్లారిన టీ.”

“పంచదార వేశారా?”

“వేశాం.”

“అయితే సరే,” అని గెడ్జ్ రిబ్బను తీసి గద్దె కింద భద్రంగా దాచుకున్నాడు. కానీ ఎంత చెప్పినా ఆ మనిషికి వాలడం చేతకాలేదు. వీధి మొగలో డ్యూటీ చేస్తున్నట్టు నిటారుగా కూర్చునేవాడు.

“విలాసం, మిస్టర్ గెడ్జ్! విలాసం! ఒళ్ళు వదిలెయ్యండి! మీరు సామ్రాజ్యాన్ని సర్వనాశనం చేస్తున్నారు!”

“చేస్తూనే ఉన్నానండీ,” అన్నాడు గెడ్జ్, ఇంకాస్త నిటారుగా.

గద్దె కింద పడి చచ్చే అతిథుల్లో ముందు వరుసలో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు డోర్కస్. ఇంకొకరు అసుంతా, రోముకు అవతల కొండల్లో పుట్టి లండన్ స్టూడియోల్లో స్థిరపడిపోయిన మనిషి. “మా ఊళ్ళో ఇన్ని పువ్వులుంటే మేకలకు వేస్తాం,” అనేది. “మనుషుల్ని చంపాలంటే మాకు కత్తులున్నాయిగా.” తన ముఖానికి ఏ లోటూ రాకుండా ఆమె మొదటిరోజే ఇంటి నుంచి రెండు దిండ్లు తెచ్చుకుని ఎత్తుగా పడుకుంది. అసుంతా ఇరవై ఏళ్ళ పిల్లే అయినా, ఆమెకున్న లౌక్యం డోర్కస్‌కు లేకపోయింది.

చిక్కంతా గులాబీలతో వచ్చింది. కంటి ముందు లేనిదాన్ని పిల్‌బ్రోగారు గీయడు. అది ఆయన ప్రతిజ్ఞ. ఫిబ్రవరి నెలలో, ఆ పొగమంచులో లండన్‌లో గులాబీలెక్కడివి? ఫ్రాన్సు దక్షిణ తీరం నుంచి రైలుమీద పెట్టెలు పెట్టెలుగా తెప్పించేవాడు. పెట్టె తెరవగానే మోడళ్ళ మీద కుమ్మరించి, ఒక్కో పువ్వునూ రేకు రేకునా చూసి గీసేవాడు. సాయంత్రానికి అవి వాడిపోయేవి. కాని గుడ్డ మీద గీసినవి వాడవు కదా! మళ్ళీ పెట్టె, మళ్ళీ తాజా పువ్వులు. తాజా పువ్వును గీయకుండా చావనివ్వడానికి ఆయనకు మనసొప్పేది కాదు. మనుషులు చస్తే ఫరవాలేదు. అలా బొమ్మలో గులాబీలు రోజురోజుకీ పేరుకుపోసాగాయి. మొదట డోర్కస్ పాదాలు పోయాయి. తర్వాత నడుము పోయింది, ఆ తర్వాత భుజాలు. వాటికి ఆమె బాధపడలేదు. అవి లండన్ అంతా చూసినవే. కానీ ఒకరోజు టీ వేళకు వెళ్ళి చూస్తే బొమ్మలో తన గడ్డం లేదు. గడ్డం ఉండాల్సిన చోట పసుపుపచ్చ గులాబీ ఒకటి విరగబూసి ఉంది.

 డోర్కస్ టీ కప్పు అక్కడే పెట్టి, నేరుగా పిల్‌బ్రోగారి దగ్గరకెళ్ళింది.

“అయ్యగారూ, నా ముఖం ఉంటుందన్నారు.”

“ఉంటుంది, ఉంటుంది. ఈ పసుపుపచ్చ రేకు మీద వెలుతురు చూశావా? వెన్నలా లేదూ?”

“బాగుందండీ. అది నా మూతి మీద ఉంది.”

పిల్‌బ్రోగారు చెడ్డవాడు కాదు. పువ్వు మీద నుంచి కన్ను తిప్పుకోవడం రాని మనిషి, అంతే. డోర్కస్ తండ్రి సంగతంతా చెప్పింది.  విని ఆయన కుంచె కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు, చెంపకు నీలం రంగు అంటుకుంది.

“రోము మీద ఒట్టు. నీ ముఖం మీద ఒక్క రేకు కూడా పడదు,” అన్నాడు.

మర్నాడు కొత్త పెట్టె వచ్చింది. అందులో ముదురు ఎర్రవి, ముఖమల్‌లాంటివి ఉన్నాయి. పెట్టె వాసన తగలగానే ఒట్టు పెట్టిన మనిషి వేరే, ఈ మనిషి వేరే. పైనుంచి కుమ్మరించాడు. మూడు పువ్వులు సూటిగా డోర్కస్ ముఖం మీదే పడ్డాయి. “కదలకు! అద్భుతం!” అని అరిచాడు. రేకుల కింద డోర్కస్ ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ ఏడవడానికి సిద్ధంగా ఉంది. అప్పుడే గద్దె మీద చక్రవర్తి తుమ్మాడు.

అది మామూలు తుమ్ము కాదు. నేరస్థులు నిద్రలో ఉలిక్కిపడే రకం తుమ్ము. గులాబీల పుప్పొడి గెడ్జ్ ముక్కుకు పడదని అంతవరకూ ఎవరికీ తెలియదు. తుమ్ము గాలికి ముందు వరుస పువ్వులన్నీ లేచి పొయ్యి దాకా కొట్టుకుపోయాయి. డోర్కస్ ముఖం తేటగా, నోరు తెరుచుకుని, మహా ఆశ్చర్యంగా బయటపడింది. కంటి ముందున్నదే గీసే మనిషి కాబట్టి పిల్‌బ్రోగారు నిట్టూర్చి, ఆ పూటంతా ఆ ముఖమే గీశాడు. మీది పువ్వు గీకేసి పోయిన గడ్డం కూడా మళ్ళీ తెచ్చాడు.

సాయంత్రం టోగా విప్పుతున్న గెడ్జ్‌ని డోర్కస్ తెర వెనక పట్టుకుంది.

“మిస్టర్ గెడ్జ్, ఎలాగూ తుమ్ముతారు కదా. ఆ తుమ్మేదేదో కొంచెం ఎడమకు తిరిగి తుమ్మకూడదా?”

“అంటే కావాలని తుమ్మమంటావా? అది మోసం కాదూ?”

“మోసం ఎందుకవుతుందీ? తుమ్ము నిజమే. దిక్కు మాత్రమే మనం చెప్పుకుంటున్నాం.”

గెడ్జ్ నీలం రిబ్బను కోటుకు గుచ్చుకుంటూ ఆలోచించాడు. మనస్సాక్షి ఉన్న మనిషి. “మీ నాన్న బస్సులో నేను చాలాసార్లు డ్యూటీకి వెళ్ళాను,” అన్నాడు చివరికి. “ఎక్కేదాకా ఆపేవాడు, మంచివాడు. ఎడమకే తుమ్ముతాలే.”

ఆ రోజు నుంచీ పెట్టె తెరవడం, పువ్వులు పడటం, చక్రవర్తి ఎడమకు తిరగడం ఒక వరసలో జరిగిపోయేవి. కుడివైపున్న అసుంతాకు ఇదేమీ నచ్చలేదు. “నీకు పోలీసు ఉన్నాడు, నాకు దిండ్లున్నాయి,” అని నవ్వేసి ఊరుకుంది.

మార్చి చివర్న చిత్రకారులందరూ స్టూడియో తలుపులు తెరిచి పెట్టే ఆదివారం వచ్చింది. వీధినిండా బళ్ళు. సిల్కు దొరసానులు బొమ్మ ముందు నిలబడి, “అబ్బ, ఎంత భోగలాలసత! అందుకే మట్టికొట్టుకుపోయారు,” అంటూ పిల్‌బ్రోగారి కేకులు ఒక్కటి మిగలకుండా తిన్నారు. డోర్కస్ గోడ పక్కన నిలబడి తన ముఖాన్ని తనివితీరా చూసుకుంది. నుదురు, ముక్కు, గడ్డం, అన్నీ ఉన్నాయి. ముప్పై దాటిన ముఖమే అయినా ఆ వెలుతురులో బాగుంది. మొట్టమొదటిసారి తాను అందమైన మనిషినేమో అనుకుంది. తరవాత బొమ్మను గోతాలు చుట్టి బండిలో పంపారు. అకాడమీ తీసుకుంది. తీసుకోవడమే కాదు, పైకప్పు కింద ఎవరికీ కనపడని చోట కాకుండా, సరిగ్గా కంటి ఎత్తున వేలాడదీశారు.

“ముక్కు ఆనించి చూడొచ్చు నాన్నా! వంగక్కర్లేదు, నిచ్చెన అక్కర్లేదు,” అని డోర్కస్ ఇంటికొచ్చి చెప్పింది. జాబెజ్ ఆ వారమంతా వీధిలో దొరికినవాళ్ళందరికీ ఆ మాట చెప్పాడు. అందులో ఇద్దరు ముగ్గురు మనుషులు కాదు, దీపపు స్తంభాలు.

మే సోమవారం రానే వచ్చింది. కాలరు, టోపీ, కూతురి చెయ్యి. లోపల జనం కిటకిటలాడుతున్నారు. పెద్ద గదిలోకి అడుగుపెట్టగానే డోర్కస్‌కు గద్దె మీద నిటారుగా కూర్చున్న చక్రవర్తి కనబడ్డాడు. కింద గులాబీలు. ఆయనకు కుడివైపు దిండ్లమీద అసుంతా, తాజాగా, హాయిగా. ఆయనకు ఎడమవైపు చూసింది. ముఖం లేదు.

ముఖం ఉన్నచోట తెల్లని గులాబీ ఒకటి ఉంది. పెద్దది, మంచుబిందువుతో సహా. నిజం చెప్పొద్దూ, పిల్‌బ్రోగారు జన్మలో అంత బాగా ఏ పువ్వునూ గీయలేదు.

 పక్క బొమ్మ వైపు చూడగానే జరిగిందేమిటో డోర్కస్‌కు తెలిసిపోయింది. పక్కన క్రాన్‌షా అనే చిత్రకారుడి బొమ్మ, అందులో బాబిలోను నగరం నిండా గసగసాల పువ్వులు. తలుపులు తెరవడానికి ముందు వార్నీషు పూసుకోమని చిత్రకారులకు ఒక రోజు ఇస్తారు. వార్నీషు పేరుకే. ఆ రోజు ప్రతివాడూ పక్కవాడి బొమ్మను ఓరకంట చూసి, తన బొమ్మ వెలవెలబోతోందనుకుని, నిచ్చెనెక్కి ఇంకో నాలుగు రంగులు దట్టిస్తాడు. క్రాన్‌షా గసగసాలు చూసి పిల్‌బ్రోగారి ప్రాణం ఉసూరుమని ఉంటుంది. ఆ క్షణంలో ఆయనకు డోర్కస్ గుర్తుంటుందా, రోము మీద పెట్టిన ఒట్టు గుర్తుంటుందా?

“ఎక్కడమ్మడూ?” అన్నాడు జాబెజ్, ముక్కు ముందుకు పెట్టి గాలిలో వెతుకుతూ. “ఎటు చూడను?”

“ఉండు నాన్నా, జనం ఉన్నారు.”

“జనం ఉంటే నాకేం? నాకు కనబడరుగా. ఎక్కడున్నావో చెప్పు.”

అసుంతాను చూపించి ఇది నేనే అనెయ్యొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన నమ్మేవాడు, సంతోషించేవాడు కూడా. కాని జీవితాంతం ఆయన తలలో కూతురి ముఖంగా ఎవరో కొండపిల్ల ముఖం ఉండిపోతుంది. డోర్కస్‌కు అది భరించరానిదిగా తోచింది. దుఃఖంకన్న ముందు ఒళ్ళు మండుకొచ్చింది.

తెల్ల గులాబీ ఇంకా పచ్చిగా ఉంది. అంత మందాన పూసిన రంగు వారంలో ఎండదు. కింద ముఖం ఎండిపోయి నెల దాటింది. ఇది స్టూడియోలో ఊడ్చే మనిషికి కూడా తెలిసిన సంగతే. చెరిపితే ఏమవుతుందో కూడా డోర్కస్‌కు తెలుసు. ఈ ఊళ్ళో ఇంకే చిత్రకారుడూ ఆమెను గుమ్మం తొక్కనివ్వడు, వీపుకు కూడా పిలవడు. తండ్రి చెయ్యి వదిలి, చేతితొడుగు తీసి, బొటనవేలు నోట్లో పెట్టుకుని తడి చేసుకుని, గులాబీ నడిమధ్యన పెట్టి గట్టిగా రుద్దింది.

రేకుల మధ్య నుంచి కన్ను ఒకటి తెరుచుకుంది. గోధుమరంగు కన్ను, మహా ఆశ్చర్యంగా.

“ఏయ్! ఏయ్!” అంటూ కాపలావాడొకడు పరుగెత్తుకొచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. “బొమ్మ మీద చెయ్యి వేస్తావా? పట్టపగలు!”

“ఇక్కడ, నాన్నా! నా వేలు ఎక్కడుందో అక్కడ!” అని అరిచింది డోర్కస్, వాడు లాగుతున్నా చెయ్యి దించకుండా.

జనం మూగారు. ఊతకర్రలాంటి పిడి ఉన్న కళ్ళద్దాలతో ఒక దొరసాని అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. కాపలావాడు ఫిర్యాదు చెయ్యబోయేలోపలే ఆవిడ గుండెమీద చెయ్యి వేసుకుంది.

“అయ్యో! ఆ కన్ను! చూశారా? పువ్వులోంచి చావు చూస్తోంది! నాకు రాత్రికి నిద్రపట్టదు. ఇది కదా బొమ్మంటే! ఆ గసగసాలవాడు దీనిముందు ఏం పనికొస్తాడు?”

స్తంభం వెనక ఎవరేమంటున్నారో చెవులు రిక్కించి వింటున్న పిల్‌బ్రోగారు (చిత్రకారులందరూ ఆ రోజు ఏదో ఒక స్తంభం వెనకే ఉంటారు) ఒక్క గెంతులో వచ్చి పడ్డాడు. బొమ్మ చూశాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. దొరసానిని చూశాడు. కొంచెం నెత్తురు వచ్చింది. చివరికి డోర్కస్ బొటనవేలు చూశాడు. దానికి తెల్లరంగు ఉంది.

“అయ్యా, ఈ ఆడమనిషి మీ బొమ్మని...” అన్నాడు కాపలావాడు.

“మా స్టూడియో మనిషేనయ్యా, వదులు,” అన్నాడు పిల్‌బ్రోగారు. “దుమ్ము పడితే తుడుస్తోంది.” దొరసానికి వంగి నమస్కారం పెట్టి, ఆ కన్ను కోసం తాను శీతాకాలమంతా ఎంత వేదన పడ్డాడో నాలుగు మాటల్లో చెప్పాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఆవిడ వెళ్ళాక జేబురుమాలు తీసి డోర్కస్ చేతిలో పెట్టాడు. తలెత్తి ఆమెను చూడలేకపోయాడు.

“ఒట్టు పెట్టాను కదూ,” అన్నాడు గొణుగుతూ.

“పెట్టారండీ.”

“గసగసాలు చూసేసరికి మతిపోయింది.” బొమ్మ వైపు తిరిగాడు. “ఒక్క కన్నే ఎందుకు తెరిచావు?”

“కాపలావాడు వచ్చేశాడండీ. లేకపోతే గడ్డం దాకా వచ్చేదాన్ని.”

ఈ మాటలేవీ జాబెజ్ చెవిన పడలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, ముక్కు దాదాపు గుడ్డకు ఆనించి, కదలకుండా నిలబడ్డాడు. వెనక జనం విసుక్కుంటున్నారు. “జరగవయ్యా పెద్దాయనా, మేమూ చూడాలి,” అని ఎవరో భుజం తట్టారు.

“ఉండండి,” అన్నాడు జాబెజ్ వెనక్కి తిరక్కుండా. “అదింకా నన్ను చూస్తోంది.”